పేట చూసిపెట్టిన వంటాయన

మొన్న రామచంద్రపురంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో ముద్దపప్పు వడ్డిస్తున్న మనిషిని ఎక్కడో చూసినట్టనిపించి, "మీరు మా అమలాపురం వంటాయన దగ్గర పనిచేసేవారు కదూ? గురువుగారు ఎలా ఉన్నారు?" అని అడిగాను. అతను గరిటె ఆపాడు. "ఇంకెక్కడి గురువుగారండీ! కార్తీకంలోనే పోయేరు కదండీ" అని, నా ఆకులో ఇంకో గరిటె పప్పు వేసి పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంకా యాభై ఆకులు వడ్డించాలి, అతని తప్పేం లేదు.

నేను మాత్రం ఆ పప్పు కలుపుకుంటూ అలాగే కూర్చుండిపోయాను. ఉన్నమాట చెప్పాలంటే, పప్పు సరిగ్గా ఉడకలేదు. ఆయనే ఉండి ఉంటే ఆ గుండిగ పొయ్యి మీంచి దింపనిచ్చేవారు కాదు.

ఆయనకి పేరు లేకపోలేదు. నేను దస్తావేజు లేఖరిని. మా స్థలం కాగితాల్లో సాక్షిగా ఆయన పేరు ఇంటిపేరుతో సహా నా చేత్తోనే రాశాను. కానీ అమలాపురంలోగానీ, చుట్టుపక్కల ఊళ్ళలోగానీ ఆ పేరుతో ఆయన్ని పిలిచిన మనిషిని నేను చూడలేదు. వంటాయన అంటే ఆయనే. తక్కినవాళ్ళంతా వంటవాళ్ళు.

పొట్టి మనిషి. కనుబొమ్మలు ఎప్పుడూ సగం కాలి ఉండేవి. భుజం మీద ఎర్ర గావంచా, రొంటిని పొడుం డబ్బా. ఆయన నోట 'బాగుంది' అనే మాట ఎవరూ వినలేదు. తను వండినదైనా, ఇంకొకరు వండినదైనా, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఆకాశంకేసి చూసి, "తినొచ్చండీ" అనేవారు. అదే పెద్ద బిరుదు. వాళ్ళావిడ కాపరానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ మాట రెండంటే రెండుసార్లు విందట. ఆ రెండు రోజులూ ఏం వండిందో కూడా ఆవిడకి జ్ఞాపకం.

పెళ్ళికి రెండు రోజుల ముందే ఆ ఊరు వెళ్ళి, చెయ్యి కడుక్కోకముందే నూతి నీళ్ళు తాగి చూసేవారు. ఐదు వందల మందికి పప్పు ఉడక్కపోతే పోయేది ఆడపెళ్ళివారి పరువు. అలా తిరిగి తిరిగి, కోనసీమలో ఏ నూతి నీళ్ళలో పప్పు వెన్నలా ఉడుకుతుందో, ఏ నూతి నీళ్ళలో గంటసేపు ఎగిరి ఎగిరి పలుకుగానే మిగులుతుందో ఆయనకి కంఠతా వచ్చేసింది. అప్పట్లో అమలాపురం చుట్టూ కొబ్బరితోటలు కొట్టేసి ఇళ్ళ స్థలాలు వేస్తున్నారు. పిల్లల చదువులనీ, ఉద్యోగాలనీ పల్లెల్లోంచి వచ్చినవాళ్ళు స్థలం కొనేముందు ఈయన్ని తీసుకెళ్ళి నీళ్ళు చూపించుకోవడం మొదలుపెట్టారు. నీళ్ళు చూడ్డానికి వెళ్ళిన మనిషి నెమ్మదిగా పేటే చూడ్డం మొదలుపెట్టారు. సిద్ధాంతిగారు వాస్తు చూసేవారు. నేను కాగితాలు చూసేవాణ్ణి. వాస్తు కుదరకపోతే గుమ్మం జరపొచ్చు. కాగితం కుదరకపోతే సవరణ దస్తావేజు రాసుకోవచ్చు. వంటాయన కుదరదన్నారంటే మాత్రం ఇక దానికి అప్పీలు లేదు.

ఆయన పద్ధతి ఆయనదే. కాలవలు కట్టేసిన రోజుల్లో తప్ప వచ్చేవారు కాదు. "కాలవ నిండా నీళ్ళుంటే ప్రతి నుయ్యీ మంచిదేనండీ. ఎండల్లో చూడాలండి దాని సంగతి" అనేవారు. గావంచా కొసన గుప్పెడు కందిపప్పు మూటగట్టుకుని వచ్చేవారు. ఇంకేం తెచ్చేవారు కాదు. గిన్నె ఒకింట్లో అడిగేవారు, నీళ్ళు ఇంకో ఇంట్లో, నిప్పు మరో ఇంట్లో. కొనబోయే స్థలం మధ్యలో మూడిటికలు పెట్టి, కొబ్బరి డొక్కలు ఎగదోసి, గొంతుక్కూర్చుని ఊదుతూ ఉండేవారు. స్థలంకేసి చూస్తే ఒట్టు. వచ్చేపోయేవాళ్ళకేసి చూసేవారు. పప్పు ఉడికాక ఉప్పు వేసి, గిన్నె ఇచ్చినవాళ్ళకి దాంతోపాటే తిరిగిచ్చేవారు. అడిగి తెచ్చిన గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని మన ఆడవాళ్ళకి పట్టింపు కదా, ఆయనకీ అదే పట్టింపు.

ఒకసారి ఒక ఇంజనీరుగారికి స్థలం చూడ్డానికి నేనూ వెళ్ళాను. మంచి డాబాలు, ఎత్తు ప్రహరీలు. పప్పు ఇట్టే ఉడికింది. ఇంజనీరుగారు బయానా కాగితం రాయమని నాకు సైగ కూడా చేశారు. వంటాయన పొడుం పట్టు పీల్చి, "మనం ఇక్కడ ఉండలేమండీ" అన్నారు. ఎవరి స్థలం చూసినా ఆయనకి 'మనం' అనడమే అలవాటు. తనూ పెట్టేబేడా సర్దుకుని అందులో దిగబోతున్నట్టే మాట్లాడేవారు.

"అదేమిటి, పప్పు ఉడికింది కదా?" అన్నారు ఇంజనీరుగారు.

"ఆయ్, ఉడికిందండి. ఐదిళ్ళవాళ్ళు కిటికీల్లోంచి చూసేరండి. ఊరిమధ్య మంట పెట్టుకుని కూర్చున్నావేవిట్రా అని ఒక్కళ్ళడగలేదు. రేప్పొద్దున్న మనిల్లు తగలడుతున్నా అలాగే చూస్తారండి."

వెళ్తూ వెళ్తూ ఒక గోడ దగ్గర ఆగారు. గోడ మీంచి వీధిలోకి వేలాడుతున్న ములక్కాడలు చెట్టునే ఎండి కట్టెలైపోయి ఉన్నాయి. "చూసేరా? అడిగేవాళ్ళు లేరు, ఇచ్చేవాళ్ళూ లేరు" అన్నారు. నా బయానా కాగితం అక్కడితో చెత్తబుట్టలోకి పోయింది. నాకు ఒళ్ళు మండింది. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఉంటే ఉంది.

అలాంటివాణ్ణి, నా అవసరానికి ఆయన గుమ్మమే ఎక్కాల్సి వచ్చింది.

మా ఇంట్లో మేము ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అత్తయ్య. అత్తయ్యంటే నాన్నగారి అక్కగారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే ఆవిడే నన్ను పెంచింది. డెబ్భై దాటాక ఆవిడకి మతిమరుపు మొదలైంది. ఉప్పు వేశానో లేదో మరిచిపోయే మరుపు కాదు, ఏది తన ఇల్లో మరిచిపోయే మరుపు. పొద్దున్నే లేచి, శుభ్రంగా బొడ్డున తాళాలగుత్తి దోపుకుని, ఎవరి తలుపు తీసి ఉంటే ఆ ఇంట్లోకి వెళ్ళిపోయేది. వెళ్ళి ఊరుకుంటుందా! "ఎవరే నువ్వు? మా వంటింట్లో ఏం చేస్తున్నావు? బూడిద ఎత్తకుండా పొయ్యి ముట్టిస్తారటే?" అని ఆ ఇంటి ఇల్లాలికి చీవాట్లు పెట్టేది. చీవాట్లు మాత్రం న్యాయమైనవే. ఇల్లే మాది కాదు.

అప్పుడు మేం అద్దె వాటాల్లో ఉండేవాళ్ళం. రెండేళ్ళలో మూడు వాటాలు మారాం. మూడో ఇంటాయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "మీరంటే గౌరవమేనండి లేఖరిగారూ, ఆయ్. కానీ మా కోడలు స్నానం చేసొచ్చేసరికి పెద్దావిడ మా మంచం మీద కూర్చుని, ఇంట్లోంచి ఫో అంటున్నారండి దాన్ని. ఇల్లు మాదండీ మరి! అయితే గదిలో పెట్టి గడియ వేసుకోండి, కాకపోతే ఇంకో వాటా చూసుకోండి" అన్నాడు.

ఒక వారం గడియ వేశాం. ఆవిడ రెండు చేతులతో తలుపు బాదుతూ, "తలుపు తియ్యండమ్మా, మా ఇంటికి వెళ్ళాలి, పొద్దుపోతోంది" అనేది. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషిని గదిలో పెట్టి గడియ వేశాను. చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ వారంలో నేను రాసిన కాగితాల్లో తూర్పు హద్దులు పడమటికీ, పడమటి హద్దులు తూర్పుకీ పోయాయి. ఎనిమిదో రోజున మా ఆవిడ గడియ ఊడబీకి పెరట్లోకి గిరాటేసి, "సొంతంగా గుడిసైనా సరే చూడండి" అంది.

నాకో ఉపాయం తట్టింది. ఊరికి ఎడంగా, మురుగు కాలవ పక్కన ఒక స్థలం, చుట్టూ తోట. కనుచూపు మేర ఒక్క ఇల్లు లేదు. ఇళ్ళే లేకపోతే అత్తయ్య ఎవరింట్లో దూరుతుంది? ఎవరు ఫిర్యాదు చేస్తారు? నా తెలివికి నేనే మురిసిపోయి వంటాయన్ని తీసుకెళ్ళాను. గిన్నె అడగడానికి ఇల్లు లేదు. సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి మా ఇంట్లోంచే గిన్నె, అగ్గిపెట్టె తెచ్చాను. తోటలో నూతి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. పప్పు వెన్నైపోయింది. ఆయన వేలితో మెదిపి చూసి, ఆకాశంకేసి చూశారు.

"మనం ఉండలేమండీ."

"ఏం? నీళ్ళు బాగాలేవా?"

"నీళ్ళు బంగారమండి. ఆవిడ పొద్దున్నే బయల్దేరితే ఎక్కడికెడతారండి? ఇల్లుంటే ఇంట్లోకెడతారు. ఇక్కడ ఇల్లు లేదు. ముందర కాలవుంది."

జవాబు లేనప్పుడు నాకు వచ్చేది కోపమే కాబట్టి, "వండుకునేవాళ్ళకి మా ఇంటి సంగతులెందుకండీ" అనేశాను. ఆయన "ఆయ్" అన్నారంతే. గిన్నె తోమి నా సైకిలు వెనక కట్టి, నడిచి వెళ్ళిపోయారు.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు మొహం చెల్లకపోయినా ఆయన ఇంటికి వెళ్ళాను. క్షమించమని చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆయన నన్ను చూసి, "ఎండగా ఉంది, మజ్జిగ పుచ్చుకోండి. ఇంకో చోటుందండి. ఈసారి పెద్దావిణ్ణి కూడా తీసుకురండి" అన్నారు. కూర్చుకున్న మాటలన్నీ మజ్జిగతోపాటు మింగేశాను.

ఆ చోటు చూడగానే నాకు మనసు ఒప్పలేదు. ఊరి చివర ఇరుకు వీధి, ఏడెనిమిది పెంకుటిళ్ళు. గోడలు నడుమెత్తే. ఒకరింట్లో తాలింపు వేస్తే నలుగురు తుమ్మాలి. ఇక్కడ అత్తయ్య దూరడానికి ఎన్ని ఇళ్ళు! వంటాయన ఒకింట్లో గిన్నె, ఒకింట్లో నిప్పు, వీధి నూతిలో నీళ్ళు తెచ్చుకుని పొయ్యి పెట్టారు. ఇటికలు సర్దేలోపలే ముగ్గురు వచ్చి, "ఏవిటండీ, తద్దినమా?" అని అడిగారు. ఆయన మొహం కాస్త విప్పారింది.

పప్పు మాత్రం ఉడకలేదు. అరగంటైంది, గంటైంది. కొబ్బరి డొక్కలు అయిపోయాయి. పప్పు అలాగే గుండ్రాళ్ళలా ఉంది. "ఇక లేవండి, ఇదీ కుదరదు" అని నేను లేచి పంచె దులుపుకుంటున్నాను. అప్పుడు మా ఆవిడ, "అత్తయ్యగారేరీ?" అంది.

లేదు. అక్కడే కొబ్బరి దుంగ మీద కూర్చోబెట్టాం, లేదు. వీధి ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తాం. చివరికి మూడో ఇంట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "బియ్యంలో ఇన్ని రాళ్ళేమిటే? ఇంటికి పెద్దదాన్ని, నేను లేకపోతే మీకింతే!" నేను సిగ్గుతో చచ్చిపోతూ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ మంచం మీద దర్జాగా కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆ ఇంటావిడ, ఒక కొబ్బరి రైతుగారి భార్య, కింద కూర్చుని, "అవునండీ మామ్మగారూ, మీరు లేకపోతే మాకింతేనండి. కాస్త మజ్జిగ పుచ్చుకుని ఏరండి" అంటోంది. నన్ను చూసి నెమ్మదిగా, "మీ తాలూకాండీ? ఉండనివ్వండి బాబూ, సగం చేట అయిపోయింది" అంది.

బయటికొచ్చేసరికి వంటాయన పొయ్యి దగ్గర తాపీగా కూర్చుని ఉన్నారు. మా ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "మీరిక్కడే ఉండి కూడా ఆవిడ వెళ్ళడం చూడలేదాండీ?"

"చూసేనండి. ఆ ఇంటి గేటు తీసింది నేనేనండి."

ఆయన గిన్నె దింపి, ఉడకని పప్పుతోనే గిన్నె ఇచ్చిన ఇంటికి తీసుకెళ్ళారు. ఆ ఇల్లాలు చూసి నవ్వి, "ఈ నీళ్ళకి ఉడకదండి, ముందే అడగచ్చు కదండీ! పప్పుకి మేం పెద్ద వీధి పంపు నీళ్ళు వేరే బిందెలో తెచ్చుకుంటాం. ఇలా తెండి" అని గిన్నె లాక్కుని తన పొయ్యి మీద పెట్టింది.

"మనం ఇక్కడ ఉండొచ్చండీ" అన్నారు వంటాయన.

"పప్పు ఉడకని చోటా!" అన్నాను నేను. ఆయన కొలత ప్రకారమే మాట్లాడుతున్నానని నా ధీమా.

"పప్పుదేవుందండీ, బిందెడు నీళ్ళు తెచ్చుకుంటే ఉడుకుతుంది. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి దిగబెట్టే మనిషిని ఎక్కణ్ణించి తెచ్చుకుంటామండీ?"

ఆ స్థలమే కొన్నాం. రెండు గదులు వేసుకున్నాం. పప్పు బిందె మోసి మోసి మా ఆవిడ నడుం పట్టేసింది, ఆ పాపం ఇప్పటికీ నా ఖాతాలోనే ఉంది. అత్తయ్య మాత్రం రోజుకో ఇంటికి యజమానురాలు. దర్జీ ఇంట్లో గుడ్డముక్కలు మడతలు పెట్టేది. మూల ఇంటాయన మొదట్లో చిరచిరలాడేవాడు. ఆవిడ ఆయన్ని తన తమ్ముడనుకుని, దగ్గు తగ్గేదాకా రోజూ వెళ్ళి మిరియాల కషాయం కాయించింది. తరవాత రెండు రోజులు రాకపోతే ఆయనే వచ్చి, "అక్కగారికి ఒంట్లో బాగానే ఉందాండీ?" అని అడిగాడు. మేం గడియ అనే వస్తువు కొనలేదు.

వంటాయన్ని నేను చివరిసారి చూసింది ఆ వీధిలోనే, ఐదారేళ్ళయ్యాక. మా ఎదర ఖాళీ స్థలం చూపించడానికి ఒక కొబ్బరి వర్తకుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. మనిషి వంగిపోయారు. గావంచా కొసన మూట మాత్రం ఉంది. వర్తకుడి కాగితాలు నేనే రాయాలి కాబట్టి నేను మా గేటు దగ్గర నిలబడ్డాను. ఇటికలు పెట్టకముందే మూడో ఇంటావిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"మా వీధిలో కొంటున్నారాండి? చాలా సంతోషమండి. ఒక్క మాట ముందే చెప్పాలండి. మా వీధిలో ఒక మామ్మగారున్నారు. పొద్దున్న, సాయంత్రం ఎప్పుడైనా మీ ఇంట్లోకి వచ్చేస్తారు. ఇల్లు తనదంటారు. కాదనకూడదండి. అలా అంటే ఆవిడ బెంగపెట్టుకుంటారు. మీ ఇంట్లో ఆడవాళ్ళతో కూడా మాట్లాడుకుని రండి. వాళ్ళు సరేనంటేనే కొనుక్కోండి."

వర్తకుడు నవ్వాడు. "దానికేవుందండీ, మేం గేటుకి తాళం వేసుకుంటాం."

"అలాక్కాదండి" అందావిడ. "తాళం ఉంటే ఆవిడ అక్కడే ఎండలో నిలబడిపోతారండి."

ఆ మామ్మగారు మా మనిషి. ఎవరి కాళ్ళు పట్టుకుని అడగాలో తెలియక ఊరంతా తిరిగినవాణ్ణి నేను. ఈవిడెవరో నేను అడగకుండానే, నా ఎదుటే, నా బదులు మాట్లాడుతోంది. నాకు ఏడుపొచ్చింది. కాగితాల సంచీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

వంటాయన మూట విప్పనేలేదు. "పదండి బాబూ, మనం ఇక్కడ ఉండలేం" అన్నారు.

"నీళ్ళు చూడనేలేదు కదండీ?" అన్నాడు వర్తకుడు.

"ఎప్పుడూ మనం పేటని చూస్తామండి. ఇవాళ పేట మనల్ని చూసింది. మనం ఉడకలేదండి."

వర్తకుడు గొణుక్కుంటూ రిక్షా ఎక్కాడు. వంటాయన వెనకాలే అడుగు వేస్తున్నారు. ఇంతలో మూడో ఇంటి వసారాలోంచి అత్తయ్య కేకేసింది. "ఎవరు నాయనా? భోజనాల వేళకొచ్చి మా గుమ్మంలోంచి తినకుండా వెళ్ళిపోతావా? ఇంటికి మాటరాదూ! ఏమే, ఆకు వెయ్యి."

"వేస్తానండీ మామ్మగారూ" అని ఆవిడ లోపలికి పరుగెత్తింది. వంటాయన రిక్షాని పొమ్మని చెయ్యి ఊపి, కాళ్ళు కడుక్కుని, వసారాలో ఆకు ముందు కూర్చున్నారు. అత్తయ్య పక్కనే నిలబడి అది వడ్డించు, ఇది వడ్డించు అని పురమాయిస్తోంది. నేను అలాగే చూస్తూ నిలబడ్డాను.

అత్తయ్య తలెత్తి నాకేసి చూసింది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది. అందరినీ మరిచిపోయినా నన్ను ఎన్నడూ మరిచిపోని మనిషి.

"ఆ గేటు దగ్గర ఎవరో నిలబడ్డారే, పాపం" అంది. "ఆయన్ని కూడా రమ్మను. ఇంకో ఆకు వెయ్యి."

వంటాయన నాకేసి చూశారు. కొంచెం పక్కకి జరిగి చోటిచ్చారు. నేను గుమ్మంలో చెప్పులు విప్పి, "వస్తున్నానండీ" అని లోపలికి వెళ్ళి కూర్చున్నాను.